5.4 లారీ ట్యూబ్‌లెస్ టైరు: ప్లగ్ కిట్ ఎంపిక, వినియోగం

టైరును రిమ్ము నుంచి విప్పకుండా, బయటి నుంచే పంక్చరు మూసే సాధనాలను ప్లగ్ కిట్ అంటారు. దీనిని వాడే ముందు రెండు విషయాలు పరిశీలించండి.

మొదటిది, రంధ్రం ఉన్న చోటు. నేలను తాకే ట్రెడ్ భాగానికే ప్లగ్ వేయాలి. పక్క గోడకు వేయరాదు. రెండవది, మిగిలిన గాలి. నిర్ణీత పీడనంలో 80 శాతం కన్నా తక్కువ గాలితో నడిచిన టైరులో ఉక్కు తీగలు తెగి ఉండవచ్చు. ఇది బయటికి కనిపించదు. అలాంటి టైరు గాలి నింపేటప్పుడు పేలి ప్రాణం తీయగలదు. కనుక దానిని విప్పించి, లోపల పరీక్ష చేయించి, ఇనుప పంజరంలో ఉంచి మాత్రమే నింపించాలి.

ఎంపిక: లారీ టైరులో పీడనం సుమారు 100-120 పి.ఎస్.ఐ.; ట్రెడ్ కూడా మందం. కారు కిట్‌లోని సన్నని సూది దీనికి చాలదు. పొడవైన గట్టి సూది, 'టి' ఆకారపు పిడి, లావు స్ట్రిప్‌లు ఉన్న కిట్ తీసుకోండి.

వినియోగం: మేకు దిగిన కోణం గమనించి పీకండి. అదే కోణంలో రీమర్‌తో రంధ్రం శుభ్రం చేసి, సొల్యూషన్ రాసిన స్ట్రిప్‌ను సూదితో దించి, సూదిని ఒక్క ఊపున లాగండి. గాలి నింపి సబ్బునీళ్లు పోయండి, బుడగలు రాకూడదు.

ఇది షాపు చేరేవరకే. అక్కడ లోపలి నుంచి ప్యాచ్ వేయిస్తేనే మరమ్మతు పూర్తయినట్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రంధ్రం చిన్నదే అయినా ప్లగ్ వేయకూడని రెండు సందర్భాలు రాయండి.