గరిటెతో నూనె చల్లే ఇంజను

పిల్లలూ, మీలో చాలామందికి నాలాగే మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారుతుంది. ఊరు మారినా కొన్ని చప్పుళ్ళు మారవు. రాజ్‌కోట్‌లో ఉన్నప్పుడు మా వీధి చివరి షెడ్డులోంచి సాయంత్రాలు ‘దుక్... దుక్... దుక్’ మని వినిపించేది. మెట్ట ప్రాంతంలోని మా ఊళ్ళో, తాతగారి బావి దగ్గర ఆయిలింజనుదీ అచ్చంగా అదే చప్పుడు. కారణం షెడ్డులోని మిస్త్రీ చెప్పాడు. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1929లో తెచ్చిన డీజిల్ ఇంజను నమూనానే రాజ్‌కోట్ ఫౌండ్రీలు దశాబ్దాలుగా పోత పోస్తున్నాయి. మా తాతగారిది ఆ కోవలోదే.

ఒకే సిలిండరు, రెండు పక్కలా పెద్ద బరువైన చక్రాలు. బలం 6 హార్స్‌పవర్. నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరుగుతుంది.

దానికి నూనె అందే పద్ధతి తమాషాగా ఉంటుంది. పిస్టన్‌ను క్రాంకుతో కలిపే కడ్డీ అడుగున చిన్న గరిటె లాంటి ముక్క ఉంటుంది. ప్రతి చుట్టులో అది అడుగున ఉన్న నూనెలో మునిగి, పైకి చిమ్ముతుంది. సెకనుకు దాదాపు 11 సార్లు! ఆ తుంపరలే బేరింగుల్నీ సిలిండరునీ తడుపుతాయి. పంపు లేదు, ఫిల్టరు లేదు.

మరి చిక్కేమిటి? చిమ్మిన నూనె మసినీ, ఇనుప రజనునూ కడుక్కుని మళ్ళీ అడుగుకే చేరుతుంది. పోత పోసినప్పుడు మూలల్లో మిగిలిన ఇసుక రేణువులూ అందులో కలుస్తాయి. బేరింగు లోపలి పూత మెత్తని లోహం. ఇసుక రేణువు అందులో గుచ్చుకుని కూర్చుని, తిరిగే ఇరుసును ఆకురాయిలా గీకుతుంది. మురికి అడుగున పేరుకుంటుందన్న నమ్మకంతో పాతవాళ్ళు డిటర్జెంటు కలపని నూనె వాడేవారు. డిటర్జెంటు ఉన్న నూనె మురికిని పేరుకోనివ్వదు, తనతో తిప్పుతుంది. అది మంచిదే, కానీ దారిలో పట్టుకోవడానికి ఫిల్టరు ఉండాలి.

ఆ వేసవి సెలవుల్లో మేం పంపూ ఫిల్టరూ బిగించాం. ముందు పక్క మూత తీసి లోపలి జిడ్డంతా కిరసనాయిలుతో కడిగాం. రెండు పళ్ళ చక్రాలుండే గేరు పంపును తక్కువ ఎత్తులోనే పెట్టాం. పంపు ఎంత పైన ఉంటే నూనెను లాగడం అంత కష్టం. ఇందులో నూనె రెండు చక్రాల మధ్యలోంచి పోతుందనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కాదు, పళ్ళకూ పెట్టె గోడకూ మధ్య సందుల్లో నిండి, అంచు వెంట చుట్టు తిరిగి వెళ్తుంది. పంపుకు ముందు జాలీ, తర్వాత జీపుకు వాడే కాగితపు ఫిల్టరు, అక్కణ్ణించి బేరింగుల పైకి సన్నని గొట్టాలు. ఫిల్టరులో బైపాస్ వాల్వు తప్పకుండా ఉండాలన్నాడు మిస్త్రీ. చలికి నూనె చిక్కబడినా, కాగితం పూడుకుపోయినా వాల్వు తెరుచుకుంటుంది. మురికి నూనె అయినా సరే, నూనె అందడం ముఖ్యం.

గరిటెను తీసేద్దామన్నాడు బాబాయి. "వద్దు బాబాయ్, పంపు ఆగిపోతే అదే దిక్కు" అన్నాను.

అంత తెలివిగా చెప్పిన నేనే అసలు సంగతి మరిచాను. ఇంజను పది నిమిషాలు తిరిగింది. బాబాయి పక్క మూత మీద చెయ్యి పెట్టి "ఒరే, కాలిపోతోందిరా, ఆపు!" అని అరిచాడు. కొలపుల్ల ముంచితే కింది గీత కూడా తడవలేదు. ఖాళీ ఫిల్టరూ, కొత్త గొట్టాలూ నూనెను తాగేసి మట్టం దించేశాయి. గరిటె గాలిలో తిరుగుతోంది. పంపు మొదటి గుక్క ఇంకా సరిగా అందుకోనే లేదు. ఒక బేరింగు పోయింది. కొత్తది వేయించేవరకు నాలుగు రోజులు బావి మూగబోయింది, మిరప నారు వాడింది. బాబాయి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

రెండోసారి ఫిల్టరును ముందే నూనెతో నింపాం, పంపులోనూ కాస్త పోశాం. హ్యాండిలుతో చేత్తో తిప్పి గొట్టం చివర నూనె చుక్క కనబడ్డాకే స్టార్టు చేశాం. నిమిషం తర్వాత ఆపి, మట్టం కొలిచి, తగ్గినంతా పోశాం. మసిలో సన్ననిది కాగితానికీ చిక్కదు కాబట్టి నూనె మార్చడం మాత్రం మానలేదు.

మరుసటి వేసవికి ఆ ఫిల్టరు డబ్బాను కోసి, కాగితం మడతలు ఎండలో విప్పాం. నల్లని జిడ్డులో ఇనుప రజను తళతళలాడింది. మధ్యలో ఆవగింజలో సగం ఉన్న ఇసుక రేణువు. బాబాయి దాన్ని అగ్గిపెట్టెలో వేసి ఇంజను షెడ్డు గూట్లో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.