పాత యింటి మరమ్మతు: గడ్డపాఱ పట్టకముందు తేల్చుకొనవలసిన సంగతులు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. క్రొత్త యిల్లు కట్టుటకంటె పాత యింటిని మార్చి కట్టుట మఱింత కష్టమని మా యనుభవము. క్రొత్త యింటికి నేల ఖాళీగా నుండును. పాత యింటిలోనో, తాతలనాటి పనియు, దానిపై ఏటేట చేరిన బరువును, లోపల దాగిన చెదలును, గోడలలో నిలిచిన చెమ్మయు నుండును. వీనిని తెలిసికొనక పని మొదలుపెట్టినచో సొమ్ము పోవుటయే గాక ప్రాణములకును అపాయము కలుగవచ్చును.

విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు చెప్పవలసిన మేము ఇండ్ల సంగతి యేల వ్రాయుచున్నామని కొందఱు అడుగవచ్చును. శ్రీకాళహస్తి చుట్టుపట్ల గ్రామములలో పొలములు చూడబోయినపుడు రైతులు మమ్ము తఱచుగా ఇంటిలోనికి పిలిచి, మిద్దెను చూపి, "అయ్యా, దీన్ని పడగొట్టాల్నా, ఉంచుకోవచ్చునా?" అని అడుగుచుందురు. విత్తనపు వేరుసెనగయు, వడ్లును, పశువుల మేతయు ఇంటిలోనే యుండును. ఇల్లు కురిసినచో మరుసటి పంటకు కావలసిన విత్తనమే చెడును. కావున ఇది సేద్యమునకు సంబంధింపని విషయము కాదు.

ముందేది, వెనుకయేది?

మరమ్మతు అనగానే మనవారు ముందు కంటికి కనబడు పనులను తలపెట్టుదురు: వీథివైపు రంగు, పడసాలలో నున్నని బండలు, క్రొత్త తలుపులు. మేము చెప్పదలచిన క్రమము వేఱు. మొదట నీరు, రెండవది బరువు, మూడవది సౌకర్యము, చివరకు అందము. ఈ వరుస తప్పి చేసిన ఖర్చు నిలువదు.

ఇందులకు మన యూరిలోనే గొప్ప నిదర్శన మున్నది. 1516 లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26 వ తేదీన కూలిపోయెను. అంతకుముందే బీటలు కనబడినందున చేరువనున్న జనులను తొలగించిరి; అందుచే ప్రాణనష్టము తప్పినది. క్రొత్త గోపురమునకు 2017 లో కుంభాభిషేకము జరిగెను. అంతటి రాతికట్టడమే బీటరూపమున ముందుగా హెచ్చరించినపుడు మన మన్నుగోడలు హెచ్చరింపకుండునా? ఆ హెచ్చరికను రంగుతోను పూతతోను కప్పుట మన చేతులార మనము చేసికొను కీడు.

నీరు

వాన కురియుచున్నపుడు గొడుగు పట్టుకొని ఇంటిచుట్టు ఒకమాఱు తిరుగుడు. చూరునీరు ఎక్కడ పడుచున్నది, గోడమొదట నిలుచుచున్నదా, పెరటినేల ఇంటినేలకంటె మెరకగా నున్నదా అని చూచి కాగితముపై గుర్తు పెట్టుకొనుడు. గ్రామములలో సిమెంటు రోడ్లు పడిన పిమ్మట వీథి మట్టము హెచ్చి, మునుపు మూడు మెట్లున్న యింటికి నేడు ఒక మెట్టే మిగిలియుండుట పలుచోట్ల చూచుచున్నాము.

ఇచ్చట రెండు మార్గములు కలవు. ఇంటినేలను ఎత్తుచేయుట యొకటి. నీటిని బయటనే మళ్లించుట యొకటి. నేలను ఒక అడుగున్నర ఎత్తినచో ద్వారబంధము కుఱుచయగును, కప్పు తలకు దగ్గఱై వేసవిలో ఉడుకెక్కును. కావున కప్పునుకూడ మార్చదలచినవారే నేల ఎత్తవలయును. కప్పు మార్చనివారు గోడచుట్టు రెండున్నర అడుగుల వెడల్పున బండలు పఱచి, బయటికి వాలు పెట్టి, కాలువ తీయించుట చాలును. దీనికి ఖర్చును తక్కువ.

గోడమొదట మోకాలియెత్తువఱకు పూత పొడియై రాలుచుండుట మీరందఱును చూచియే యుందురు. పొలములో చౌడు పైకి వచ్చినట్లే గోడలోను వచ్చును. నేలలోని నీరు ఉప్పును వెంటబెట్టుకొని గోడలోనికి ఎక్కి, గాలి తగిలినచోట ఆఱిపోవును. ఉప్పు అక్కడనే మిగిలి పూతను తినివేయును. పశువుల కొట్టము గోడకు ఆనుకొనియున్నచో ఈ బాధ మఱింత హెచ్చు. చౌడునేలపై మంచిమన్ను తోలినంతమాత్రమున చౌడు పోవదు. నీరు పోవు దారి చూపవలయును. గోడకును మందు అదియే.

ఈ విషయమున మేమే యొకమాఱు పొరబడితిమి. చెమ్మయెక్కిన మన్నుగోడకు సిమెంటుపూత పూయింపుమని ఒక రైతునకు సలహా యిచ్చితిమి. లోపలి చెమ్మకు ఆఱుటకు దారి లేక, మరుసటి యేడు పూత పలకలుపలకలుగా ఊడిపడెను. లోపలి మన్ను మెత్తబడి చేతికి వచ్చెను. మన్నుగోడకు మన్నుపూతయో సున్నపుపూతయో మేలని ఆనాడు మాకు తెలిసినది. ఆ రైతు సొమ్ము మాత్రము తిరిగి రాలేదు.

బరువు

మన రాయలసీమ మన్నుమిద్దెలు చలువకు పేరుపడినవి. అయితే కురిసినపుడెల్ల పైన మఱికొంత మన్ను వేయుట వాడుక. దాని లెక్క చూడుడు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుగల గదిపై ఒక అడుగు మందమున మన్నున్నచో అది 120 ఘనపుటడుగులు. గట్టిపడిన మన్ను ఘనపుటడుగునకు సుమారు 48 కిలోల చొప్పున మొత్తము 5,700 కిలోలకు పైబడును. అనగా 75 కిలోల వడ్లబస్తాలు డెబ్బదియాఱు మీ నెత్తిపై పేర్చినట్లు! ఒక అంగుళము క్రొత్తమన్ను వేసినచో మఱి ఆఱు బస్తాలు చేరును. ముసురుపట్టి మన్ను నానినపుడు ఇంకొక టన్ను హెచ్చును. మిద్దెలు ఎండలో కూలక, వానరాత్రి కూలుటకు కారణ మిదియే.

దూలము చెడుటయు నడుమ మొదలు కాదు. గోడలో దాగిన కొనలు ముందు చెడును. చెమ్మయు చెదలును అక్కడనే చేరును. కొనలకడ పూత గీకించి, దబ్బనముతో పొడిచి చూడుడు. సుత్తితో కొట్టి వినుడు. దబ్బనము సులభముగా దిగినను, డొల్లమ్రోత వచ్చినను ఆ దూలమును నమ్మరాదు. దంతెలును దూలములును గట్టిగా నున్నచో పాతమన్నంతయు దింపి, పలుచగా తిరిగి పఱపించి, తూమువైపు వాలు కుదిర్చిన చాలును. మన్ను దింపునపుడు నడుమ కుప్పపోయక, రెండువైపుల సమముగా తీసి వెంటనే క్రిందికి వేయవలయును. ఆ సమయమున క్రిందిగదిలో ఎవ్వరును ఉండరాదు.

ఏ గోడ తీయవచ్చును?

గది విశాలము చేయుటకై గోడ తీయించుట నేడు వాడుకయైనది. తీయకముందు దంతెలు ఏ దిక్కుగా సాగినవో చూడుడు. దంతెల కొనలుగాని దూలపు కొనగాని ఏ గోడపై ఆనియున్నవో, ఆ గోడ ఇంటిని మోయుచున్నది. దానిని ముట్టవలసివచ్చినచో ముందు ఊతకొయ్యలు నిలిపి, ఇంజనీరు చెప్పిన కొలతల దూలమును ఎక్కించి, ఆ పిమ్మటనే గోడ తీయవలయును. కొన్ని పాతయిండ్లలో గోడలు మఱుగునకే యుండి, బరువంతయు కంబములపై నుండును.

ఒక యింట కూతురి పెండ్లికి పడసాలలో చోటు చాలదని నడిమి కంబమును తీయించిరి. పది దినములలో దూలము నాలుగంగుళములు క్రుంగెను. పెండ్లినాటికి కంబమున్న చోటనే తాటిమ్రాను నిలిపి, దానికి పసుపు పూసి, మామిడాకులు కట్టిరి. చుట్టములు ముచ్చటపడిరి. ఇంటి యజమాని మాత్రము మూడు రాత్రులు ఆ మ్రానుకడనే కూర్చుండి పైకి చూచుచుండెను.

బీట యున్నచో అది పాతదా, పెరుగుచున్నదా అని తెలిసికొను సులభోపాయము గలదు. సన్నని గాజుముక్కను బీటపై అడ్డముగ పెట్టి, రెండు కొనలను సిమెంటుతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాయుడు. ఒక వానకాలము, ఒక వేసవి గడచినను గాజు పగులనిచో గోడ నిలుకడగా నున్నదని తలంపవచ్చును. గాజు పగిలినచో గోడ కదలుచున్నది. అపుడు ఆ గది విడిచి, ఇంజనీరును పిలువవలయును. గోడ బయటికి ఒరిగినను, మెట్లుమెట్లుగా ఏటవాలు బీట పోయినను గాజు పగులువఱకు వేచియుండ పనిలేదు, వెంటనే ఖాళీచేయుడు.

శ్లాబు వేయుదమా?

శ్లాబు బరువని భయపడువారు కొందఱు. శ్లాబు వేసిన ఇల్లు గట్టిపడునని తలచువారు కొందఱు. రెండును సరికావు. పైన చెప్పిన గదికే 5 అంగుళముల శ్లాబు సుమారు 3,500 కిలోలు తూగును, మన్నుమిద్దెకంటె తక్కువే. అయితే మన్ను అడుసుతో కట్టిన గోడల పైవరుసలు వానకు నాని మెత్తబడియుండును; ఆ బరువు వానిపై సమముగా దిగదు. పైవరుసలను గట్టి ఇటుకతో తిరిగి కట్టించి, గోడలన్నిటిని చుట్టివచ్చునట్లు ఇనుపకమ్ముల సిమెంటుపట్టీ పోయించి, దానిపై శ్లాబు వేయవలయును. గోడలు అందులకు తగవని ఇంజనీరు చెప్పినచో ప్రత్యేక పునాదులపై కంబములు లేపుట మేలు. మన్నుగోడలపై మేడమీద మేడ కట్టుట మాత్రము ఎన్నడును తగదు.

శ్లాబు పనిలో మూడు నియమములు మఱువకుడు. 50 కిలోల సిమెంటు బస్తాకు నీరు 30 లీటర్లకు మించరాదు. జారుగా నున్న పోయుట సులభమే గాని బలము పోవును. పోసిన పిమ్మట కనీసము 10 దినములు తడి ఆఱనీయరాదు. ఊతకొయ్యలను 14 దినములకు ముందు తీయింపరాదు.

సొమ్ము అంతటికి చాలనిచో ముందు విత్తనములు, ధాన్యము ఉంచు గదికి శ్లాబు వేయుడు. పడుకొను పడసాలకు పెంకులో, బాగుచేసిన మిద్దెయో చలువ. శ్లాబుపై సున్నము కొట్టించినచో వేసవి వేడి కొంత తగ్గును. పాత యాస్‌బెస్టాసు రేకులను తీయునపుడు కోయక, పగులగొట్టక, నీటితో తడిపి మెల్లగా విప్పవలయును; వాని ధూళి ఊపిరితిత్తులకు కీడు.

కాలము, కరారు, సొమ్ము

మన ప్రాంతమునకు పెద్దవానలు అక్టోబరు మొదలు డిసెంబరువఱకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన సంగతి మఱువరానిది. కావున సంక్రాంతి వెళ్లిన పిమ్మట కప్పు విప్పి, మే నెలలోపల మూయవలయును. ఇటుక, ఇసుక, తడుపుటకు నీటితొట్టి సిద్ధము కాకముందు కప్పు విప్పరాదు.

మేస్త్రితో మాట నోటితోనే ముగింపక కాగితముపై వ్రాయించుకొనుడు. అంకణము లెక్క తావునుబట్టి మారును: తిరుపతి వైపు 36 చదరపుటడుగులు, నెల్లూరు వైపు 72. మనము ఈ రెండింటి నడుమ నున్నవారము. కావున కొలతలన్నియు చదరపుటడుగులలోనే వ్రాయింపుడు. పని సాగినకొలది సొమ్మిచ్చి, కప్పుపనికి కొంత మొత్తమును తొలి పెద్దవాన వెళ్లువఱకు నిలుపుకొనుటకు ముందే ఒడబడుడు. పాతయింటిలో విప్పినగాని తెలియని లోపము లుండును. అంచనాలో నాల్గవవంతు విడిగా ఉంచుకొనుట మంచిది.

సంఘసభ్యులకు కడపటి మాట. పంటకై తీసికొన్న ఋణమును ఇంటిపనికి మళ్లింపకుడు. పంటఋణము పంటతో తీఱును; గోడకు కంకులు వేయవు. గడువునాటికి చెల్లింపలేనిచో మరుసటి కారునకు ఎరువుకు అప్పు పుట్టదు. ఇల్లు మెఱయుచుండగా పొలము బీడుపడును. చేతనున్న సొమ్మునకు సరిపోవు పనియే ఈ యేడు చేసి, మిగిలినది వచ్చు ఏటికి ఉంచుడు. నీరు మళ్లించి, బరువు దింపిన యిల్లు రంగు లేకున్నను నిలుచును. మొదటి పనిగా రేపే నిచ్చెన వేసి, మీ మిద్దెపై మన్ను ఎన్ని యంగుళము లున్నదో కొలిచి చూడుడు.