విశ్వవిద్యాలయమునకు ముందొక భాష

1922వ సంవత్సరమున హైదరాబాదు సంస్థాన విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపానుకు వెళ్లి, ఆ దేశము పాశ్చాత్య శాస్త్రములను స్వభాషలోనికి ఎట్లు తెచ్చుకొన్నదో, ఆంగ్లేయ జర్మను ఆచార్యులు పాఠము చెప్పిన తరగతులలోనే జపాను పండితులు తమ నుడిలో వైద్యమును, యంత్రశాస్త్రమును ఎట్లు బోధింపగలిగిరో పరిశీలించి, మరుసటి యేట ఆ విద్యావిధానమును గూర్చి గ్రంథమొకటి ప్రకటించెను. ఆ యాత్రకు నాలుగేండ్ల క్రిందట ఉర్దూ మాధ్యమముగా నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఇంతకంటె బలమైన నిదర్శనము వేరొకటి లేకుండెను. అయితే నల్గొండ, పాలమూరు పల్లెలలో ఇంటి భాష తెలుగు. విశ్వవిద్యాలయపు గడప తొక్కగోరిన అచటి బాలుడు ముందుగా ఉర్దూ నేర్వవలసివచ్చెను. ఆ నిర్బంధము న్యాయమని నేననను. ఐనను శ్రమించి నేర్చిన పరభాష వృథాపోదు: పాలమూరు సీమకు చెందిన బూర్గుల రామకృష్ణారావు సంపాదించిన పారసీక పాండిత్యము, తుదకు తెలుగున పారసీక వాఙ్మయ చరిత్రయై ఫలించిన సంగతి మరువరానిది.

నేడు జపాను చదువునకు ఉవ్విళ్లూరు మన యువకుని యెదుట నిలుచునదియు అట్టి మెట్టే. ఆంగ్లమున బోధించు శాఖలు అక్కడ కొన్ని కలవు గాని, డిగ్రీ చదువులలో అధికభాగము జపాను భాషలోనే సాగును. అందుచే విదేశీయులు పలువురు మొదట ఆ దేశపు భాషాపాఠశాలలో ఏడాది మొదలు రెండేండ్ల వరకు చదివి, 2002 నుండి ఏటేట జూన్, నవంబరు మాసములలో జరుగు ప్రవేశపరీక్ష వ్రాసి, ఆపైన విశ్వవిద్యాలయములకు దరఖాస్తు చేసికొందురు. “ఇంటర్ పాసైనంక మల్ల అ ఆలు దిద్దుడేంది బిడ్డా?” అని ఇంటి పెద్దలు అడుగుట సహజము. దానికి జపాను ప్రభుత్వమే సమాధానము చెప్పుచున్నది: తాను ఉపకారవేతనమిచ్చి పిలుచుకొను డిగ్రీ విద్యార్థులకు నాలుగేండ్ల చదువునకు ఐదేండ్ల గడువిచ్చి, మొదటి యేటిని భాషాప్రధానమైన పూర్వశిక్షణకు కేటాయించినది. ఆ యేడు చదువులో భాగమే.

తెలుగువానికి ఇందొక సౌలభ్యము కలదు. తొలి పాఠములలోనే పలుకవలసివచ్చు ‘నరుగొండా కరా కిమాషిత’ అను వాక్యమును చూడుడు. లకారము లేని ఆ భాషలో నల్గొండ ‘నరుగొండా’ అయినది గాని, ‘కరా’ మన ‘నుండి’ వలెనే పేరునకు వెనుక చేరినది. ‘కిమాషిత’ మన ‘వచ్చితిని’ వలెనే వాక్యాంతమున నిలిచినది. ఆంగ్లమునకై తలక్రిందు చేసికొన్న పదక్రమమును ఇచట తిరిగి సరిచేసికొనిన చాలును. అక్షరముల కష్టము మాత్రము కష్టమే. నలుబదియారేసి అక్షరములు గల రెండు కనా వరుసలు పట్టుదల యున్నవానికి కొలది వారములలో వశమగును. అటుపిమ్మట, నిత్యవ్యవహారమునకని ప్రభుత్వము నిర్ణయించిన 2136 కాంజీలు, అనగా భావమును తెలుపు లిపిగుర్తులు, ఎదురగును. పెక్కు కాంజీలు ఒకచోట ఒక ఉచ్చారణతో, వేరొకచోట మరొక ఉచ్చారణతో పలుకుచుండగా, గళ్ల పుస్తకములో గీతల వరుస తప్పకుండ, పైనుండి క్రిందికి, ఎడమనుండి కుడికి, చేయి తనంతట కదలువరకు దిద్దుచు పోవలసినదే.

ధనవిషయము దాచరానిది. విద్యార్థి వీసాపై వెళ్లినవాడు అనుమతి పొంది, బడి నడచు దినములలో వారమునకు 28 గంటలు మాత్రమే పని చేయవచ్చును. ఆ కూలితోనే రుసుములన్నియు తీరునని ఎవరైన నమ్మబలికినచో, పొలము కుదువబెట్టక మునుపు తల్లిదండ్రులు తలచుకొనవలసినది ఈ సంఖ్యనే. రాత్రియెల్ల పనిచేసి పగలు తరగతిలో కునుకు తీయు బాలునికి కాంజీలు పట్టుబడవు. వలస కష్టమెరిగిన పాలమూరునకు ఇది వేరుగ చెప్పనక్కర లేదు.

ఇంటర్మీడియట్ ముగించి అక్టోబరు విడతలో భాషాపాఠశాల చేరగోరువాడు వేసవిలోనే దరఖాస్తు పంపవలెను. పంపిన పిమ్మట పయనము వరకు గల నెలలు మిక్కిలి విలువైనవి. హైదరాబాదున ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము జపాను భాషను బోధించుచున్నది గాని, దేవరకొండ నుండియో కొల్లాపూరు నుండియో వచ్చిన పేదవానికి నగరమున గది అద్దెయే భారమగును. నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, పాలమూరు విశ్వవిద్యాలయమును జపాను భాషాసామర్థ్య పరీక్షలోని తొలి మెట్లైన ఎన్5, ఎన్4 స్థాయిల వరకు సాయంకాలపు తరగతి యొకటి నడుపబూనినచో, ఆ బాలుడు విమానమెక్కక మునుపే కనా వరుసలు రెండును దాటియుండును. విదేశమున డబ్బు పోసి చదువు ప్రతి నెలయు కాంజీలకే దక్కును.