జారుతూ లాగే యంత్రం

టార్క్ కన్వర్టర్ అంటే నూనెతో నిండిన గుండ్రటి ఇనుప డొల్ల. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న బండిలో మామూలు క్లచ్ స్థానం దీనిదే. లోపల రెక్కలున్న రెండు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఇంజనుకు బిగించిన చక్రం నూనెను విసురుతుంది, ఆ విసురుకు గేర్ల వైపు చక్రం తిరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో ఉన్న స్టేటర్ అనే మూడో చక్రం, వెనక్కి వచ్చే నూనెను దారి మళ్ళించి మళ్ళీ తోపుకే కలుపుతుంది. అందుకే బండి ఇంకా కదలని క్షణంలో ఇంజను తిప్పుబలం సుమారు రెండింతలై గేర్లకు చేరుతుంది.

దీన్ని కనిపెట్టినది బండ్ల కోసం కాదు. ఓడల్లో ఆవిరి టర్బైను చాలా వేగంగా తిరుగుతుంది, నీటిలోని పంఖా మెల్లగా తిరగాలి. ఈ రెంటినీ కలపడానికి జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు. రోడ్డు మీదికి రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్ గేరుబాక్సులో ఉన్నది బలాన్ని పెంచని సాదా నూనె జోడింపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఎం5 స్టువర్ట్ ట్యాంకులకూ అదే గేరుబాక్సు పెట్టారు. 1948 మోడల్ బ్యూయిక్ కార్లలో డైనాఫ్లో పేరుతో టార్క్ కన్వర్టర్ వచ్చింది.

ఈ యంత్రం బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి. రెండు చక్రాల వేగాల్లో తేడా ఉంటేనే అది బలాన్ని పెంచగలదు. ఆ తేడానే జారుడు. జారుడులో పోయిన శక్తి నూనెలో వేడిగా మిగులుతుంది. చదునైన రోడ్డు మీద తేడా కొద్దిగానే ఉంటుంది కనుక నూనె 80, 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. బురదలో, ఇసుకలో, నిట్టనిలువు గట్టు మీద బండి మెల్లగా కదులుతూ ఇంజను మాత్రం గట్టిగా తిరుగుతుంది. బండి పూర్తిగా ఆగిపోయి యాక్సిలరేటర్ తొక్కే ఉంటే, కన్వర్టర్‌లోకి వెళ్ళిన శక్తి అంతా వేడే.

గోదావరి తూర్పు డెల్టాలో, రాయవరం చుట్టుపట్ల, ఈ కన్వర్టర్ ఎక్కువగా కనిపించేది కార్లలో కాదు, ఊళ్ళో అందరూ జేసీబీ అని పిలిచే పసుపుపచ్చ తవ్వకపు బండిలో. దానిలో గేర్లు చేత్తోనే మార్చాలి. కానీ ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉన్నది టార్క్ కన్వర్టరే. ఆ బండి క్లచ్ తొక్కకుండా ముందుకూ వెనక్కూ పదేపదే మళ్ళగలగడానికి ఒక కారణం అదే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు వేసవిలో కట్టేశాక పూడిక తీయడానికి ఇవి కాలువలోకి దిగుతాయి. పైన ఎండిన మట్టి, కింద పచ్చి రేగడి. ముందు తొట్టెను మట్టిలోకి నెట్టినప్పుడు బండి ఆగిపోతుంది, ఇంజను మాత్రం తోస్తూనే ఉంటుంది.

ఆ సమయంలో కన్వర్టర్‌లో 25 కిలోవాట్లు, అంటే సుమారు 34 గుర్రపు శక్తి, వేడిగా మారుతోందనుకుంటే, అందులో తిరిగే 15 లీటర్ల నూనె సెకనుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున కాగుతుంది. ఒక్క నిమిషం ఆగకుండా తోస్తే 85 డిగ్రీల నూనె 145కు చేరాలి. నిజానికి ఇనుము కొంత వేడిని పీల్చుకుంటుంది, కూలరు కొంత తీసేస్తుంది. అయినా డెల్టా ఎండలో బయటి గాలే 40 డిగ్రీలు దాటుతుంది, నడక వేగం తక్కువ కనుక ఎదురుగాలి లేదు, రేడియేటర్ రెక్కల్లో గడ్డిపరకలూ ఎండిన బురదా ఇరుక్కుంటాయి. నూనె కాగడానికి దోషం ఒక్క ఇంజనుదీ కాదు, ఒక్క డ్రైవరుదీ కాదు.

అదే డెల్టా చేలల్లో దమ్ము చక్రాలతో తిరిగే ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి మామూలు రాపిడి క్లచ్ ఉంటుంది. పెడల్ మీంచి కాలు పూర్తిగా తీశాక అది జారదు. భారం ఎక్కువైతే ఇంజను ఆగిపోతుంది, లేదా చక్రాలు బురదలో తిరుగుతాయి. డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. కన్వర్టర్ ఇంజనును ఆగనివ్వదు. ఆ మెత్తదనం వల్లే ప్రమాదం ఆలస్యంగా తెలుస్తుంది.

సింగరేణి ఉపరితల గనుల్లో పదుల టన్నుల బరువుతో గొయ్యిలోంచి పైకెక్కే పెద్ద డంపర్లదీ ఇదే కష్టం. వాటి గేరుబాక్సుల్లో లాకప్ క్లచ్ ఉంటుంది. కొంత వేగం అందుకున్నాక అది రెండు చక్రాలనూ కలిపి బిగిస్తుంది, జారుడు ఆగిపోతుంది. కార్లలో 1949లోనే ప్యాకార్డ్ సంస్థ దీన్ని తెచ్చింది. కానీ బురదలో ఈడ్చుకుంటూ పోయే బండికి ఆ వేగమే రాదు కాబట్టి లాకప్ అక్కరకు రాదు.

120 డిగ్రీలు దాటితే నూనె చెడడం మొదలవుతుంది, లోహం మీద జిగురు పొరలు కడుతుంది. ఇంకా పెరిగితే రబ్బరు సీళ్ళు బిగుసుకుపోతాయి, పలచబడిన నూనెలో ఒత్తిడి తగ్గుతుంది, గేర్లను పట్టే ప్లేట్లు కూడా జారుతాయి. జారితే మళ్ళీ వేడి. బండి లాగడం లేదని మరింత తొక్కడం ఈ దశలోనే జరుగుతుంది, ప్లేట్లు కాలిపోయేదీ అప్పుడే.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండిలో ఉండే లో రేంజి గేరు ఇక్కడ పనికొస్తుంది. అది వేస్తే చక్రాలు మెల్లగా తిరిగినా కన్వర్టర్ తర్వాతి షాఫ్టు వేగంగా తిరుగుతుంది, జారుడు తగ్గుతుంది. అంతర్వేది వంటి చోట సముద్రపు ఇసుకలోకి దిగే కార్లకు టైర్లలో గాలి తగ్గించడమూ మేలు చేస్తుంది. గేరుబాక్సు నూనె వేడెక్కిందని దీపం వెలిగితే ఇంజను ఆపేయడం తప్పు. ఆపితే నూనె పంపు ఆగుతుంది, కాగిన నూనె కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. న్యూట్రల్‌లో పెట్టి ఇంజనును కొద్ది నిమిషాలు తిరగనిస్తే, జారుడు లేని నూనె కూలరు గుండా తిరిగి చల్లబడుతుంది.

చల్లారాక కొలకడ్డీ తీసి నూనె రంగు చూడాలి. కార్లలో వాడే ఆటోమేటిక్ నూనె కొత్తప్పుడు సాధారణంగా ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే ప్లేట్ల పూత కాలినట్టే. నూనె మార్చినంత మాత్రాన ఆ పూత తిరిగి రాదు. గేరుబాక్సు విప్పి ప్లేట్లు మార్చాలి. వెల్డింగుతో మూసిన కన్వర్టర్ డొల్లను లేతు మీద కోసి, లోపల కడిగి, మళ్ళీ అతికించాలి.