పెట్ట లేని పొదుగుడు

కోడిగుడ్డు పిల్ల యగుటకు 21 దినములు పట్టునని ఎరుగని ఇల్లు మన పల్లెలలో లేదు. ఆ 21 దినములు పెట్ట గుడ్లమీద కూర్చుండి ఏమేమి చేయుచున్నదో నిదానించి చూచినవారు మాత్రము కొద్దిమంది. కూర్చున్నది, వేడి నిచ్చినది, పిల్లలు వచ్చినవి. అంతటితో మనము తృప్తి పడుదుము. కామారెడ్డి జిల్లా కొసను, మహారాష్ట్ర కర్ణాటకముల సరిహద్దు నానుకొని, తెలుగు, మరాఠీ, కన్నడము మూడును వినవచ్చు జుక్కల్ ప్రాంతమున ఒక గృహిణి 50 గుడ్లు పట్టు చిన్న ఇంక్యుబేటరును కొనదలచినదనుకొందము. ఆమె మొదట తెలిసికొనవలసినది యంత్రమును గూర్చి కాదు, పెట్టను గూర్చి.

పొదుగునపుడు పెట్ట పొట్టక్రింది ఈకలు రాలి అచటి చర్మము బయలుపడును. రక్తనాళములు నిండిన ఆ వెచ్చని చర్మము నేరుగా పెంకును తాకును. పెట్ట దినములో అనేక పర్యాయములు ముక్కుతో గుడ్లను దొర్లించును; అంచున నున్నవానిని నడిమికిని, నడిమి వానిని అంచునకును మార్చును. మేతకు లేచినప్పుడు కొద్దిసేపు గుడ్లకు గాలి తగులును. వేడి, దొర్లింపు, తేమ, గాలి, ఈ నాలుగింటిని అది ఎవరును నేర్పకయే సమకూర్చును. ఇంక్యుబేటరు వీనిలో మొదటిదానిని మాత్రమే నమ్మకముగా ఇచ్చును. గుడ్లను తామే త్రిప్పు యంత్రములు కూడ వచ్చినవి గాని, నీరు పోయుటకును, అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు మేల్కొనుటకును అవియు మనిషినే కోరును.

మరి పెట్ట ఉండగా యంత్ర మెందుకని అడుగవచ్చును. నాటుపెట్ట ఒక విడతకు 12 మొదలు 15 గుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చుండును. తరువాత రెండు మూడు నెలలు పిల్లలను వెంటబెట్టుకొని తిరుగును. ఆ కాలమంతయు గుడ్డు లేదు. ఏడాదికి అది 50, 60 గుడ్లతో సరిపెట్టుటకు ఇది ఒక ముఖ్యకారణము. గుడ్లను యంత్రమున కప్పగించి పెట్టను పొదుగునుండి లేపినచో అది త్వరలో మరల గుడ్లకు వచ్చును. ఇక హైదరాబాదు చెంత రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయము పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకములకు పొదుగుడు గుణము దాదాపు లేదు. అయితే ఇవి సంకరములు. ఇంటి పుంజుతో కలిసినచో వీని గుడ్లును పిల్లలగును గాని ఆ పిల్లలు తల్లియంత గుడ్లు పెట్టునని ఆశింపరాదు. ఆ రకములు కావలెనన్నవారు ప్రతిసారియు పిల్లలనే తెచ్చుకొనుట మేలు. ఇంటి యంత్రమునకు తగినది నాటుకోడి గుడ్డు.

పెట్ట లేకుండ పొదిగించుట క్రొత్త విద్య కాదు. ఈజిప్టు దేశీయులు గుడ్లను పేడకుప్పలలో పూడ్చి పిల్లలు చేయుదురని అరిస్టాటిల్ వ్రాసియున్నాడు. తరువాతి కాలమున వారు ఇటుకల గదులు కట్టి, పేడయు గడ్డియు కాల్చిన వేడిలో వేలకొలది గుడ్లను పొదిగించిరి. ఆ పద్ధతిని చూచి యూరపువారు అబ్బురపడిరి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్ 1749 లో కృత్రిమముగా గుడ్లు పొదిగించుటను గూర్చి పుస్తకమునే ప్రకటించెను. ఈజిప్టు పనివారికి థర్మామీటరు లేదు; గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని పసిగట్టెడివారు. మన నాట ఈ విద్య పెద్ద పరిశ్రమ యగుటకు 1971 లో వేంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించిన బి.వి. రావు ప్రధానకారకుడు. నేటి హ్యాచరీలలో జనరేటర్లు కలవు, రేయింబవళ్ళు కనిపెట్టియుండు మనుష్యులు కలరు. ఇంటిలో ఆ రెండును లేవు. మన చిక్కులన్నియు అచటినుండియే మొదలగును.

అంగడిలో కొన్న ఫారము గుడ్లు పొదుగుటకు పనికిరావు. ఆ ఫారములలో పుంజు ఉండదు. గుడ్డులో పిల్ల యగు బీజమే లేదు. ఎనిమిది పది పెట్టలకు ఒక మంచి పుంజు ఉన్న మంద నుండి, మరీ పెద్దవియు మరీ చిన్నవియు కాని, పెంకు నెరియని గుడ్లను ఏరుకొనవలెను. మురికిగా నున్నవని కడుగరాదు. పెంకుపై కంటికి కనబడని పలుచని పూత ఒకటి ఉండును. కడిగినచో అది పోయి, పెంకులోని వేలాది సూక్ష్మరంధ్రముల గుండ సూక్ష్మజీవులు లోనికి చొరబడును.

గుడ్లు కూడబెట్టుటలోనే ఎక్కువ నష్టము జరుగుచున్నది. గుడ్డు పెట్టబడునాటికే దానిలో పిండము కొంత పెరిగియుండును. చల్లబడగానే నిద్రించినట్లు ఆగిపోవును. 13 మొదలు 18 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో అది వారము దినములు చెడకుండ ఉండగలదు. మన ప్రాంతమున ఏప్రిల్, మే నెలలలో పగటివేడి 42 డిగ్రీలు దాటు దినములు అరుదు కావు. అప్పుడు రేకులయింటి అటకమీది గుడ్డులో పిండము నిద్రపోదు. చాలీచాలని ఆ వేడిలో వంకరగా పెరిగి, రెండు మూడు దినములలో చచ్చును. దానిని యంత్రములో పెట్టి మూడు వారములు కాచుకొని, పిల్ల రాకున్న యంత్రమును నిందింతుము. గుడ్డు యంత్రము చేరకమునుపే చచ్చినదని మనకు తోచదు.

ఇందుకు విరుగుడు తేలికైనదే. ఒక మట్టికుండను తడి ఇసుకలో సగము పూడ్చి, గుడ్లను మొన క్రిందికి ఉండునట్లు దానిలో పేర్చి, మూతికి తడిగుడ్డ కప్పవలెను. గుడ్డు లోపల తడియరాదు, కుండ చుట్టును ఇసుక మాత్రము ఆరరాదు. అట్లైనను ఎండకాలమున మూడు నాలుగు దినములకు మించి నిలువ ఉంచరాదు. అసలు ఎండకాలమున ఇంటి యంత్రమును మూలనుంచుటయే ఉత్తమమని నా అభిప్రాయము. ఎందుకన, సాధారణపు ఇంక్యుబేటరునకు వేడి చేయుట తెలియును గాని చల్లబరచుట తెలియదు. గది 40 డిగ్రీలున్నప్పుడు లోపల 38 నిలుపుట దాని వలన కాదు. దీపావళి మొదలు శివరాత్రి వరకు మనకు అనువైన కాలము. చలిరాత్రులలో యంత్రమును గాలి దూరని లోపలి గదిలో ఉంచినచో చాలును.

విసనకర్ర గల యంత్రములో వేడి 37.5 డిగ్రీలుండవలెను. అది లేని పెట్టెలో గుడ్ల పైభాగము ఎత్తున 38.3 మొదలు 38.9 డిగ్రీలుండవలెను, అట్టి పెట్టెలో పైన వేడిగాను క్రింద చల్లగాను ఉండుటయే ఈ భేదమునకు కారణము. యంత్రముతో వచ్చు థర్మామీటరును గ్రుడ్డిగా నమ్మరాదు. జ్వరము చూచు థర్మామీటరుతో కలిపి గోరువెచ్చని నీటిలో ముంచి, రెండును ఒకే అంకె చూపుచున్నవో లేదో సరిచూచుకొనవలెను. గుడ్లు పెట్టకముందు ఒక దినమంతయు యంత్రమును ఊరక నడిపి చూచుట అవసరము.

కరెంటు పోయినచో కంగారు పడనక్కరలేదు. పిండము చలికి ఓర్చుకొన్నంతగా వేడికి ఓర్చుకొనలేదు. రెండు మూడు గంటలు చల్లబడినంత మాత్రమున గుడ్లన్నియు చావవు. పిల్లలు కొంత ఆలస్యముగా వచ్చును. గాలిరంధ్రములను మూయకుండ పెట్టెపై కంబళి కప్పి, వేడినీటి సీసాలను గుడ్లకు తగులకుండ లోపల నిలుపవలెను. థర్మోస్టాటు చెడి వేడి 40 దాటినప్పుడే నిజమైన ప్రమాదము. కొద్దిగంటలలోనే అంతయు పోవచ్చును.

గుడ్లను మొదటి 18 దినములు దినమునకు మూడు లేక ఐదు పర్యాయములు త్రిప్పవలెను. లేనిచో పిండము పెంకులోని పొరకు అంటుకొనిపోవును. పర్యాయములు బేసిగా ఉండవలెననుటకు కారణము కలదు: రాత్రి ఎక్కువ కాలము త్రిప్పకయుందుము, లెక్క బేసి యైనచో నేటి రాత్రి పైనున్న పక్క రేపటి రాత్రి క్రిందికి పోవును. పెన్సిలుతో ఒక పక్క సున్నయు రెండవ పక్క కత్తెరగుర్తును వ్రాసియుంచిన మరపునకు తావుండదు.

తేమ విషయమున అందరికి ఒకే సూత్రము చెప్పుట కష్టము. 18 దినముల వరకు సుమారు 55 శాతము, తరువాత 65 మొదలు 70 శాతము అని పుస్తకములు చెప్పును. కాని శీతకాలపు పొడిగాలిలో పళ్ళెము నిండ నీరు పోసినను చాలకపోవచ్చును. ముసురు దినములలో సగము పళ్ళెమే ఎక్కువ కావచ్చును. మొదటి 18 దినములలో గుడ్డు తన బరువులో 12 శాతము వరకు నీటిని ఆవిరిగా పోగొట్టుకొనవలెను. అంత పోకున్న పిల్ల ఉబ్బి, పెంకు గిల్లునాటికి ఊపిరాడక చచ్చును. మరీ ఎక్కువ పోయినచో పొర తోలువలె గట్టిపడి పిల్లను పట్టివేయును. దీనిని కనిపెట్టు మార్గము గుడ్డు వెడల్పు కొసనున్న గాలిగది. చీకటిగదిలో టార్చిలైటు నానించి చూచినచో అది వారము వారమును పెద్దదగుట కనబడును.

ఏడవ దినమున అదే దీపముతో పిండమును చూడవచ్చును. బ్రతికిన గుడ్డులో సాలెపురుగు కాళ్ళవలె ఎర్రని నాళములు పరచుకొని, నడుమ నల్లని చుక్క కదలుచుండును. ఆ దృశ్యమును ఇంటిలోని పిల్లలకు చూపక మానరాదు. ఏమియు లేక తేటగా వెలుగునవి బీజము లేనివి. ఎర్రని వలయము మాత్రము కనబడునవి చచ్చినవి. రెండు విధములవానిని తీసివేయవలెను. మురిగిన గుడ్డు లోపల పగిలినచో తక్కినవానికిని ముప్పు.

18 వ దినమున త్రిప్పుట మాని, తేమ పెంచి, మూత తెరువకుండవలెను. ఓర్పునకు ఇది పరీక్ష. పిల్ల మొదట గాలిగదిలోనికి ముక్కు పొడిచి ఊపిరి తీసికొనును. పిదప పెంకును గిల్లును. గిల్లినది మొదలు బయటికి వచ్చుటకు 12 మొదలు 24 గంటలు పట్టవచ్చును. ఆ నడుమ జాలిపడి పెంకు ఒలిచినచో, ఇంకను ఇంకని రక్తనాళములు తెగి పిల్ల చచ్చును. వచ్చిన పిల్లకు వెంటనే మేత పెట్టవలెనను ఆత్రమును అక్కరలేదు. పుట్టుటకు ముందే మిగిలిన పచ్చసొన దాని పొట్టలోనికి పోయియుండును. రెండు దినములకు అది చాలును. ఈకలు ఆరి ఉబ్బిన తరువాతనే బయటికి తీయవలెను. 50 గుడ్లకు 30, 35 పిల్లలు వచ్చినచో తొలిసారి బాగుగా చేసినట్లే లెక్క.

ఆపైన తల్లిరెక్కకు బదులు బల్బు కావలెను. మొదటి వారము 35 డిగ్రీలు, తరువాత వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు. పిల్లలు బల్బుక్రింద గుంపుగూడినచో చలి, గోడలకు పారినచో వేడి ఎక్కువ. థర్మామీటరుకంటె అవియే బాగుగా చెప్పును. ఐదు మొదలు ఏడు దినముల లోపల కొక్కెర తెగులు టీకాచుక్కలు కంటిలో వేయించవలెను. ఇందుకు గుడ్లు యంత్రములో పెట్టిననాడే పశువైద్యశాలలో మాట్లాడియుంచుట మంచిది. ఒక్క సీసాలో వంద పిల్లలకో అంతకెక్కువకో సరిపడు మందుండును. ఒకసారి కలిపినది కొద్దిగంటలలో వాడకున్న వ్యర్థము. వాడకట్టులో రెండు మూడిండ్లవారు ఒకే వారమున పిల్లలు వచ్చునట్లు గుడ్లు పెట్టుకొన్నచో ఆ సీసా అందరికిని సరిపోవును.