మరమ్మతు సరే.. మైలేజీ ఏదీ?

* షెడ్డు నుంచి వచ్చాక పెట్రోలు తాగేస్తున్న పాత కార్లు
* చిన్న వాల్వు తీసేస్తే నెలకు వేలల్లో నష్టం
* వరుసగా పరిశీలిస్తే లోపం ఇంటివద్దే తెలుస్తుంది

వినుకొండ: కారు చెడిపోతే షెడ్డుకు పంపుతాం. బాగై వచ్చిందంటే ఊపిరి పీల్చుకుంటాం. బండి నడుస్తూనే ఉన్నా బంకు ఖర్చు ఒక్కసారిగా పెరిగితే మాత్రం పాత కార్ల యజమానులు చాలామంది ‘బండి పాతబడింది’ అని సరిపెట్టుకుంటున్నారు. వయసు వల్ల తగ్గే మైలేజీ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది. మరమ్మతు జరిగిన వారంలోనే పడిపోయిందంటే కారణం వయసు కాదు. షెడ్డులో విప్పిన, బిగించిన, తీసి పక్కన పడేసిన భాగాల్లోనే దాన్ని వెతకాలి.

వినుకొండ మండలానికి చెందిన ఓ రైతు అనుభవమే ఇందుకు ఉదాహరణ. ఆయన తన తల్లిని డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు నరసరావుపేట తీసుకెళ్లాలి. ఇంట్లో ఉన్నది 2006 మోడల్ మారుతి 800. వేసవిలో ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయింది. షెడ్డులో దాన్ని మార్చారు. పనిలో పనిగా వెనుక చక్రాలకు కొత్త బ్రేకు షూలు వేశారు. అంతకుముందు లీటరుకు 16 కి.మీ. ఇచ్చిన కారు ఆ తర్వాత 11 దాటలేదు. ఖర్చు భరించలేక వారానికి రెండుసార్లు తీసుకెళితే సరిపోతుందేమోనన్న ఆలోచన దాకా వెళ్లింది ఆ కుటుంబం.

ఇదీ లెక్క

నెలకు సుమారు 1,200 కి.మీ. ప్రయాణం. లీటరుకు 16 కి.మీ. చొప్పున 75 లీటర్లు చాలు. 11కు పడిపోతే 109 లీటర్లు కావాలి. అంటే 34 లీటర్లు అదనం. రాష్ట్రంలో లీటరు పెట్రోలు 2021లోనే వంద రూపాయలు దాటింది. ఆ వంద లెక్కనే చూసినా నెలకు రూ.3,400 వృథా!

ముందు కొలవండి

మీటరులోని పెట్రోలు ముల్లును చూసి మైలేజీ తగ్గిందని నిర్ణయించరాదు. ట్యాంకు నింపించి, పంపు తనంతట తాను ఆగిన చోట ఆపించాలి. కిలోమీటర్ల అంకె రాసుకోవాలి. రోజూ తిరిగే దారిలోనే 200 నుంచి 300 కి.మీ. తిరిగి, అదే బంకులో అదే తీరున మళ్లీ నింపించాలి. తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ తెలుస్తుంది. టైర్ల సైజు మార్పించి ఉంటే మీటరు చూపే దూరమే మారుతుందని మరువరాదు.

వాల్వు పీకేస్తే..

రైతు కారులో తేలిన ప్రధాన లోపం థర్మోస్టాట్ వాల్వు లేకపోవడం. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు రేడియేటరు వైపు నీరు వెళ్లకుండా ఈ వాల్వు అడ్డుకుంటుంది. ఉష్ణోగ్రత 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్యకు చేరాక తెరుచుకుంటుంది. వేడెక్కిన బండి షెడ్డుకు వస్తే ‘మన ఎండలకు ఇది అక్కరలేదు’ అంటూ దీన్ని తీసేయడం పాత అలవాటు. ఆ రైతు కారుకూ అదే జరిగింది.

వాల్వు లేకపోతే నీరు మొదటి క్షణం నుంచే రేడియేటరులో తిరుగుతుంది. ఇంజిన్ చేరాల్సిన వేడికి చేరదు. ఎంపీఎఫ్ఐ కార్లలో ఉష్ణోగ్రత సెన్సారు ఇచ్చే సమాచారాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలు కొలిచి పంపుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సారు చెబుతుంటే, ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పటిలా పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. అలా మండక మిగిలిన పెట్రోలు సిలిండరు గోడలపై ఆయిలు పొరను కడిగేస్తుంది. దాంతో అరుగుదల కూడా పెరుగుతుంది. సెన్సారు చెడినా, మరమ్మతు తర్వాత దాని వైరు సరిగా పెట్టకున్నా ఇలాంటి పరిస్థితే తలెత్తవచ్చు.

దీన్ని గుర్తించడం సులభమే. పది, పదిహేను కిలోమీటర్లు నడిచాక కూడా ఉష్ణోగ్రత ముల్లు కిందనే ఉంటే అనుమానించాలి. ఉదయం చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, ఫ్యానుకు, బెల్టుకు దూరంగా చేయి ఉంచి రేడియేటరు పై గొట్టాన్ని తాకి చూడాలి. వాల్వు బాగుంటే కొన్ని నిమిషాలు చల్లగా ఉండి తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. లేకుంటే మొదటి నుంచే మెల్లమెల్లగా వేడెక్కుతుంది. వేడి ఇంజిన్ మీద రేడియేటరు మూత మాత్రం తీయరాదు.

ఇవీ చూడాలి

* పెట్రోలు వాసన: లీకును ముందుగా చూడాలి. గొట్టం తడిగా ఉంటే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలిపించాలి.
* బ్రేకులు: కొత్త షూలు వేశాక, హ్యాండ్‌బ్రేకు బిగించాక చక్రం పట్టేస్తుంటుంది. బ్రేకు ఎక్కువగా వాడకుండా కొంత దూరం నడిపి, ఆపి, చక్రాల దగ్గర జాగ్రత్తగా చేయి పెట్టి చూడాలి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడే లోపం. రైతు కారులో వెనుక ఎడమ చక్రం ఇలాగే పట్టేసింది.
* టైమింగ్ బెల్టు: మార్చినప్పుడు ఒక్క పన్ను తప్పినా పికప్, మైలేజీ రెండూ తగ్గుతాయి.
* గాలి గొట్టాలు: చిన్న రబ్బరు గొట్టం ఊడితే ఇంజిన్ ఆగి ఉన్న బండిలోనూ ఎగిరెగిరి పడుతుంది.
* ఆక్సిజన్ సెన్సారు: సైలెన్సరు పనిలో దెబ్బతింటే పెట్రోలు కొలత తప్పుతుంది. పొగగొట్టం చివర నల్లటి మసి పట్టడం దీనికి ఒక సూచన.
* అలైన్‌మెంట్: ముందు చక్రాల పని చేయించాక తప్పక చూపించాలి. టైర్లలో గాలి తగ్గినా పెట్రోలు దండుగే.

ఇథనాల్ వంతు ఎంత?

మైలేజీ తగ్గితే నేరమంతా పెట్రోలులో కలిపే ఇథనాల్‌పై వేయడం పరిపాటి అయింది. 20 శాతం మిశ్రమంతో పాత తరహా కార్లలో సుమారు 6 నుంచి 7 శాతం సామర్థ్యం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక అంచనా వేసింది. అంటే లీటరుకు 16 ఇచ్చే కారు 15కు రావచ్చు. 11కు రావడానికి మాత్రం ఇథనాల్ ఒక్కటే కారణం కాజాలదు.

షెడ్డుకు పంపే ముందు

మరమ్మతుకు ముందు మైలేజీ ఎంతో రాసి పెట్టుకోవాలి. ఏయే భాగాలు విప్పారో చీటీ మీద రాయించుకోవాలి. తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకోవాలి. ఏ భాగమైనా తిరిగి అమర్చలేదని తెలిస్తే కారణం అడగాలి.

రైతు కారుకు వేరేచోట కొత్త థర్మోస్టాట్ వేయించారు. పట్టేసిన బ్రేకును వదులు చేయించారు. మొదట ఇంజిన్ వేడెక్కడానికి అసలు కారణం రేడియేటరు ఫ్యాను స్విచ్చు పనిచేయకపోవడమని అప్పుడే తేలింది. వాల్వు తీసేసినందువల్ల ఆ జబ్బు నయం కాలేదు, కనబడకుండా దాగింది. స్విచ్చు కూడా మార్చాక లీటరుకు 15 కి.మీ. వస్తోంది. ఆ తల్లికి వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పకుండా జరుగుతోంది.