వాటర్ పార్క్‌కి వెళ్తున్నారా..? నీళ్లలో ఆడినా వడదెబ్బ తగులుతుంది, జాగ్రత్త!

సమ్మర్ హాలిడేస్ వచ్చేశాయి. హైదరాబాద్‌లో జలవిహార్ అయినా, రావిర్యాల వండర్‌లా అయినా.. వీకెండ్ వస్తే పిల్లలతో కిటకిటే. నేలలోంచి ఫౌంటెన్లు చిమ్మే, నెత్తిన బకెట్లు గుమ్మరించే స్ప్లాష్ ప్యాడ్ దగ్గరైతే చిన్నారుల్ని బయటకు లాక్కురావడమే కష్టం. ‘నీళ్లలోనే ఉన్నారు కదా, ఎండ ఏం చేస్తుందిలే’ అనుకుంటారు పేరెంట్స్. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఒళ్లు తడిగా ఉంటే చల్లగా అనిపిస్తుంది. చెమట పట్టినా కనిపించదు, దాహం తెలియదు. కానీ గెంతుతున్నంతసేపూ ఒంట్లో నీరు తగ్గుతూనే ఉంటుంది. అల్ట్రా వయొలెట్ కిరణాలను నీటి తుంపర ఆపలేదు. సాయంత్రానికి భుజాలు ఎర్రగా కందిపోయేది అందుకే.

కాబట్టి అడిగేదాకా ఆగొద్దు. 20 నిమిషాలకోసారి పిలిచి నాలుగు గుక్కలు తాగించండి. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని మిట్టమధ్యాహ్నం కూడా నీళ్లలోనే ఉంచేస్తుంటారు. 12 నుంచి 3 వరకు భోజనం, నీడలో ఉండే ఆటలు పెట్టుకుంటే సరి. ఫుల్ హ్యాండ్స్ స్విమ్ డ్రెస్ బెస్ట్. సన్‌స్క్రీన్ నీళ్లకు పోతుంది.. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది, కనీసం రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే.

ఓఆర్ఎస్ గురించి ఒక మాట. ఫ్రూట్ ఫ్లేవర్ టెట్రా ప్యాక్‌లు ఓఆర్ఎస్ కాదు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లేని డ్రింక్స్‌పై ఆ పేరు వాడొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. మెడికల్ షాపులో పౌడర్ ప్యాకెట్ తీసుకుని, దానిపై రాసినన్ని నీళ్లలోనే కలపండి.

ఇక అందరూ మర్చిపోయేది బ్యాగులకు కాపలా కూర్చున్న నానమ్మనో, తాతయ్యనో! పిల్లలు తడుస్తుంటే వాళ్లు ఎండలో ఎండుతుంటారు. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికి వడదెబ్బ ముప్పు ఇంకా ఎక్కువ. ముందు వాళ్లకు నీడలో చోటు చూడండి.

ఎవరికైనా తలనొప్పి, వాంతులు, నీరసం కనిపిస్తే ఆట ఆపేసి నీడకు తీసుకెళ్లాలి. పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి కాల్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు ఒంటిపై చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎండలో ఉన్న కారు డోర్లు తీసి, కాసేపాగి ఎక్కండి. అలసిపోయి నిద్రపోయిన పిల్లల్ని ‘ఐదు నిమిషాలే కదా’ అని కారులో వదిలి షాపింగ్‌కి మాత్రం దిగొద్దు. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి 10 డిగ్రీల దాకా పెరుగుతుంది.